అర మెట్టు తేడా

"పదకొండు," అన్నాడు భర్త మళ్ళీ. "యాభైకి పదకొండు."

అప్పటికది నాలుగోసారి. అన్న ప్రతిసారీ కాగితాన్ని మొహానికి ఇంకాస్త దూరంగా పెట్టి చూస్తున్నాడు, దూరం పెరిగితే అంకె కూడా పెరుగుతుందేమో అన్నట్టు.

టీచరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. వీధి వీధంతా ఆమెని టీచరమ్మ అనే పిలుస్తుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ముందుగదిలో, ఈ పాత పియానో దగ్గర, ఎవరెవరి పిల్లల వేళ్ళో పట్టుకుని మెట్ల మీద నడిపించింది. ఇప్పుడా పియానో కింది పలక ఊడి నేల మీద పడుంది. పక్కనే స్క్రూడ్రైవరు, నూనె డబ్బా.

ఆమెని ఎక్కువ కోసింది అదే. పెడలు కిర్రుమంటోందని నెల్లాళ్ళుగా అంటోంది తను. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన, ఇంట్లో ఏది కిర్రుమన్నా ఊరుకోలేడు. శనివారం సెలవు కదా, ఆమె స్నానం ముగించుకొచ్చేలోపు నూనె వేసి ఆశ్చర్యపరుద్దామని పలక విప్పాడు. లోపల నాలుగు మడతలు పెట్టి దాచిన పరీక్ష కాగితం కనపడింది.

"నలభై దాటాయా అని అడిగాను. అడిగానా, లేదా?"

"అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"తలూపావు."

నోటితో అబద్ధం చెప్పలేదు కదా అని ఆమె రెండు వారాలుగా తనకి తాను సర్దిచెప్పుకుంటోంది. ఆ సర్దుబాటు కాస్తా ఆయన ఒక్క మాటతో గాలికి పోయింది.

"డిపోలో అందరికీ టీలు తాగించాను," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "మా ఆవిడ ఈ వయసులో యూనివర్సిటీకి వెళ్తోంది, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని హార్మనీ నేర్చుకుంటోంది, మొదటి పరీక్షలోనే నలభై దాటాయి అని చెప్పాను. టైర్లు మార్చేవాళ్ళక్కూడా చెప్పాను. హార్మనీ అంటే ఏంటో వాళ్ళకి తెలీదు. నాకూ తెలీదు. అయినా చెప్పాను."

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు ఇక ఆగలేకపోయారు. "అంత కష్టమైనవి ఏం అడిగార్రా?"

ఆయన కాగితం మొదటి వరుస చదివాడు. "కింది ఇంటర్వెల్స్ పేర్లు రాయండి."

"ఇంటర్వెలా? సినిమా మధ్యలో లైట్లు వేస్తారే, అదేగా? దానికి పేర్లేంటి?"

"ఆ ఇంటర్వెల్ కాదత్తయ్యా. రెండు స్వరాల మధ్య దూరం."

"దూరానికి పేరేంటే తల్లీ! దూరం దూరమే కదా."

ఇంకో రోజయితే ముగ్గురూ పడీపడీ నవ్వేవారు. ఇవాళ ఎవరి పెదవీ కదల్లేదు. అత్తగారు కూడా తను అనకూడని చోట జోకేశానని గ్రహించి, చీర కొంగు సర్దుకుని బయటికి చూడసాగారు.

లోపలి గదిలోంచి చిట్టి వచ్చింది. కూతురి అసలు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు, ఇరవై రెండేళ్ళొచ్చినా చిట్టే. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పనికి తయారై, భుజాన సంచీతో వచ్చింది. నాన్న చేతిలోంచి కాగితం తీసుకుంది, ఒకసారి చూసింది, పాత మడతల వెంబడే మడిచి తల్లి చేతిలో పెట్టింది.

"నీకు క్లాసుకి టైమవుతోంది," అంది. అంతే.

"చూశావా దీన్ని!" అన్నారు అత్తగారు, గదిలో బరువు కాస్త తగ్గిద్దామని. "దీనికే బాధా లేదు. చెవి లేని పిల్ల, ఎంత హాయి!"

అది ఆ ఇంట్లో పాత వేళాకోళం. సంగీతం టీచరు కడుపున చెవి లేని పిల్ల పుట్టిందని చుట్టాలొచ్చినప్పుడల్లా అనుకుని నవ్వుకునేవారు. చిట్టీ నవ్వేది.

"అవును నానమ్మా, హాయే," అంది ఇప్పుడు కూడా. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

*

సంగీత విభాగం మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి టీచరమ్మకి ఆయాసం వచ్చింది, కానీ ఆ ఆయాసం మెట్లది మాత్రమే కాదు. లోపలికి వెళ్ళగానే ముప్ఫై తలలూ తనవైపే తిరిగి 'పదకొండు' అంటాయనిపించింది. ఒక్కరూ తిరగలేదు. అదీ ఒక అవమానంలాగే తోచింది.

చివరి వరుసలో తన కుర్చీలో కూర్చుంది. నల్లబల్ల మీద స్వరాలు రాయడానికి చెరగని రంగుతో ఐదేసి గీతలు గీసి ఉంటాయి. కుడివైపు నల్లటి పియానో. దాని ముందు లెక్చరర్, ముప్ఫై దాటీ దాటని మనిషి, చేతులకీ చున్నీకీ సుద్ద.

"మొన్న పరీక్షలో సగం మందికి పైగా ఒకే తప్పు చేశారు," అంది లెక్చరర్. "అందుకని ఇవాళ కొత్త పాఠం లేదు. ఆ తప్పునే విందాం. శ్రుతి, 'ఏ మైనర్'. అన్నీ తెల్ల మెట్లే. దీనికి ఇల్లు, అంటే పాట వచ్చి ఆగే చోటు, ఇదీ."

మూడు మెట్లు కలిపి నొక్కింది. దిగులుగా, నిండుగా మోగాయి.

"ఇలా మూడు స్వరాలు కలిస్తే ఒక కార్డు. ఇప్పుడు ఐదో స్వరం మీద కట్టిన ఐదో కార్డు నుంచి ఇంటికి వస్తున్నా. వినండి."

తెల్ల మెట్ల మీదే వాయించి, మళ్ళీ మొదటి కార్డుకి వచ్చి ఆగింది.

"ఇల్లు చేరినట్టుందా?"

"గేటు దాకా వచ్చి ఆగినట్టుంది మేడం," అంది ముందు వరుసలోంచి ఒకమ్మాయి. క్లాసు నవ్వింది.

"బాగా చెప్పావు. ఎందుకు ఆగిపోయింది? ఐదో కార్డులో మధ్యనున్న స్వరాన్ని పట్టుకోండి. ఇంటి నుంచి లెక్కపెడితే అది ఏడోది. దీన్ని అర మెట్టు పైకి జరుపుతున్నా. పక్కనే, ఈ నల్ల మెట్టు."

మళ్ళీ వాయించింది. ఆ నల్ల మెట్టు మోగింది. ఇంకా ఇంటి కార్డు రాకముందే గదిలో ముప్ఫైమంది ఊపిరీ ఒక్కసారి దాని వైపు వంగినట్టయింది. అప్పుడు ఇంటి కార్డు వచ్చింది.

"చేరిందా?"

"చేరింది!"

"ఏడో స్వరానికి పైన ఇల్లు అర మెట్టు దూరంలోనే ఉంది. కనపడుతోంది. ఇక ఊరికే కూర్చోలేదు, వెళ్ళి తీరుతుంది. పరీక్షలో చాలామంది దీన్ని పైకి జరపకుండా వదిలేశారు."

టీచరమ్మ లేచి నిలబడింది. లేవాలనుకోలేదు, కాళ్ళే లేచాయి.

"మేడం... ఏ మైనర్‌కి నల్ల మెట్లు ఉండవు కదా?"

"పాట మొదట్లో వేసే గుర్తుల్లో ఉండవండీ. పాట నడుస్తుంటే మధ్యలో వస్తాయి."

"పుస్తకంలో లేకపోతే?"

"పుస్తకంలో అచ్చుతప్పు అయ్యుండాలి," అంది లెక్చరర్. "ఇందులో పెద్ద శాస్త్రం లేదండీ. మంచి చెవి ఉన్న పిల్లయితే ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆ మెట్టు నొక్కుతుంది."

మంచి చెవి ఉన్న పిల్ల.

టీచరమ్మ కూర్చుంది. కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని మరీ కూర్చుంది. తర్వాత గంటసేపు లెక్చరర్ ఏం చెప్పిందో ఆమెకి ఒక్క ముక్క ఎక్కలేదు.

పదమూడేళ్ళ కిందట చిట్టికి తొమ్మిదేళ్ళు. కాళ్ళు పెడల్‌కి అందేవి కావు. ఆ పాటకి ఇంట్లో 'తెల్లమెట్ల పాట' అని పేరు. టీచరమ్మకి తన గురువుగారిచ్చిన జిరాక్సు పుస్తకంలోది. ఆ జిరాక్సు ఇంకో జిరాక్సుకి జిరాక్సు, సగం గుర్తులు వెలిసిపోయి ఉండేవి. 'ఈ పాటకి నల్ల మెట్లు లేవు' అని గురువుగారు చెప్పారు. ఆమె అందరు పిల్లలకీ అదే చెప్పింది. అందరూ తెల్ల మెట్లే వాయించారు.

చిట్టి ఒక్కతే మూడో వరుస చివరికి రాగానే నల్ల మెట్టు నొక్కేది.

"తప్పు. మళ్ళీ."

"అమ్మా, ఇలాగే బాగుంది."

"పుస్తకంలో లేదు. మళ్ళీ."

మళ్ళీ అదే నల్ల మెట్టు. మొదట్లో మాటలతో దిద్దింది. తర్వాత చెక్క స్కేలుతో వేళ్ళ మీద. గట్టిగా కాదు, గట్టిగా కొట్టలేదని ఇన్నేళ్ళూ అనుకుంది. మూడు వారాలు అలా నడిచింది. ఓ ఆదివారం ఎవరో పిల్లని చేర్పించడానికి వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు చిట్టి మళ్ళీ అదే చేసింది. "దీనికి చెవి లేదండీ," అంది టీచరమ్మ నవ్వుతూ, "ఏం చేస్తాం, నా ఖర్మ." చిట్టి మెట్ల మీద మూత నెమ్మదిగా దించి, కుర్చీ దిగి లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఎక్కలేదు.

క్లాసయ్యాక లెక్చరరే దగ్గరికొచ్చింది. "మార్కుల గురించి బెంగ పెట్టుకోకండి. మీకు వేళ్ళలో ఉంది, కాగితం మీదకి రావడానికి టైం పడుతుంది."

"మార్కులు కాదు మేడం." టీచరమ్మ పుస్తకం మూసింది. "నా దగ్గర ఒక పిల్ల నేర్చుకునేది. ఆ నల్ల మెట్టు నొక్కేది. నేను మాన్పించాను."

"అయ్యో. ఇప్పుడు వాయిస్తోందా ఆ అమ్మాయి?"

"లేదు."

"ఎవరమ్మాయి?"

"తెలిసినవాళ్ళ పిల్లే," అంది టీచరమ్మ. అనేసి, ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియక, పుస్తకాలు సంచీలో కుక్కుకుని గబగబా మెట్లు దిగింది.

*

ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి కళ్ళజోళ్ళ షాపు ముందు నిలబడి ఉంది. అద్దాల తలుపు వెనక చిట్టి ఒక్కతే, అద్దపు బిళ్ళని చిన్న చక్రానికి ఆనించి అంచు అరగదీస్తోంది. తల్లిని చూసి మిషను ఆపింది.

"ఏమైంది? నాన్నేమైనా అన్నాడా?"

"లేదే. కళ్ళు లాగుతున్నాయి. బోర్డు మీద గీతలు అలుక్కుపోతున్నాయి." దారంతా కూడబలుక్కున్న మాట వేరు. నోటికొచ్చింది ఇది.

"కూర్చో, చూస్తాను."

ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన కొలతల ఫ్రేము ముక్కు మీద పెట్టింది. ఎదురుగా గోడ మీద అక్షరాలు. చిట్టి చేతులు చకచకా బిళ్ళలు మారుస్తున్నాయి. ఎంత నేర్పుగా కదులుతున్నాయా వేళ్ళు! టీచరమ్మ వాటినే చూస్తోంది.

"ఇది బాగుందా... ఇదా?"

"మొదటిది."

"ఇప్పుడు? ఇదా... ఇదా?"

"చిట్టీ."

"కదలకు."

"చిన్నప్పుడు ఆ తెల్లమెట్ల పాటలో నల్ల మెట్టు నొక్కేదానివి చూడు. అదే కరెక్టటే. ఇవాళ క్లాసులో చెప్పారు. నువ్వే రైటు."

బిళ్ళ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. వీధిలో ఏదో లారీ వెనక్కి పోతూ కూత పెట్టింది.

"తెలుసు," అంది చిట్టి, అది ఆగాక.

"ఏంటి?"

"నాకు తెలుసమ్మా. ఎనిమిదో క్లాసులో స్కూలు లైబ్రరీలో అదే పుస్తకం దొరికింది. జిరాక్సు కాదు, అచ్చుది. అక్కడ ఉంది షార్పు గుర్తు, అర మెట్టు పైకి జరపమని. చీమంత."

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. "మరి చెప్పలేదేమే?"

"నీ దగ్గర అప్పుడు పదహారు మంది పిల్లలు. అందరికీ ఆ పాటే చెప్పావు. వాళ్ళ అమ్మానాన్నలంతా వరండాలో కూర్చుని వినేవాళ్ళు." చిట్టి బిళ్ళని గుడ్డతో తుడవసాగింది, అది శుభ్రంగానే ఉన్నా. "అంతమందిని తప్పు చెయ్యడం ఎందుకు, నేనొక్కదాన్నే తప్పయితే సరిపోతుంది కదా అనిపించింది. అలవాటైపోయింది. నానమ్మ నవ్వుతుంది, నాన్న నవ్వుతాడు, నేనూ నవ్వుతాను."

"చిట్టీ..."

"ఒక్కటడుగుతాను. నేను ఆ మెట్టు నొక్కినప్పుడు నీకు వినపడలేదా? అలాగే బాగుందని నీకనిపించలేదా?"

టీచరమ్మకి ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, అత్తగారు కునుకు తీస్తుంటే, తలుపు దగ్గరగా వేసుకుని ఆ వరుస రెండు రకాలుగానూ వాయించి చూసింది తను. ఒకసారి తెల్ల మెట్టుతో, ఒకసారి నల్ల మెట్టుతో. రెండోసారికి ఒళ్ళు జలదరించింది. అంత బాగుంది. ఆ వెంటనే భయమేసింది. గురువుగారు, పుస్తకం, పదహారుమంది పిల్లలు, వరండాలో తల్లిదండ్రులు. మూత వేసేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకి తనకి తాను కూడా చెప్పుకోవడం మానేసింది.

"లేదే," అంది. "నాకు వినపడలేదు."

ఒక కంటికి బిళ్ళ లేదు. చిట్టి మొహం సగం మసగ్గా ఉంది. అలా ఉండటమే మేలనిపించింది ఆమెకి.

"సరే," అంది చిట్టి. ఫ్రేము తీసింది. చీటీ మీద ఏవో అంకెలు రాసింది. "ఎడమ కంటికి పవరు పెరిగింది. అద్దాలు బుధవారానికి తయారవుతాయి."

*

ఆ సాయంత్రం భర్త పియానో పలక మళ్ళీ బిగించాడు. నాలుగు స్క్రూలూ బిగించేదాకా ఆమె వైపు చూడలేదు. ఆ తర్వాత పెడలు రెండుసార్లు తొక్కి చూశాడు. కిర్రుమనలేదు.

"సోమవారం డిపోలో చెప్పేస్తాను," అన్నాడు.

"మీరెందుకండీ చెప్పడం? అబద్ధం నాది."

"చాటింది నేను కదా." చేతులకంటిన నూనె తుడుచుకున్నాడు. "నీకు వచ్చినవి పదకొండని సిగ్గు కాదు నాకు. నాకు చెప్పుకోలేకపోయావు చూడు. ఇంట్లో నేనట్లా ఉన్నానా అని."

ఆమె ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన నూనె డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

చిట్టి ఆరింటికి వచ్చి, అన్నం తిని, నానమ్మ కాళ్ళకి మందు రాసి, పడుకుంది. ఎప్పటిలాగే ఉంది. ఏ కొంచెం విసురుగా ఉన్నా టీచరమ్మకి ఊపిరాడేది.

*

ఆదివారం ఉదయం ముందుగది నిండిపోయింది. ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలు, వాళ్ళని తీసుకొచ్చిన పెద్దవాళ్ళు. వరండాలో మందుల షాపాయన, టైలరమ్మ, ఇంకో ఇద్దరు. అత్తగారు కిటికీ కుర్చీలో. భర్త గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని.

టీచరమ్మ పుస్తకం తెరవలేదు. పియానో ముందు నిలబడింది.

"ఇవాళ పాఠానికి ముందు ఒక మాట చెప్పాలి. పెద్దవాళ్ళు కూడా లోపలికి రండి."

వాళ్ళు మొహమొహాలు చూసుకుని లోపలికొచ్చారు.

"తెల్లమెట్ల పాట మీకందరికీ నేను తప్పు నేర్పాను. మూడో వరుస చివర ఒక నల్ల మెట్టు ఉంది. నా పుస్తకంలో లేదు. నేను మీకు చెప్పలేదు. అదొక్కటే కాదు, ఇంకా ఎన్ని తప్పులున్నాయో నాకే తెలీదు. యూనివర్సిటీలో ఇప్పుడే మొదలుపెట్టాను. మొదటి పరీక్షలో యాభైకి పదకొండు వచ్చాయి."

గుమ్మం దగ్గర పేపరు కిందికి దిగింది.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్ళు ఏం చెయ్యాలో తోచక నిలబడ్డారు. ముందుగా టైలరమ్మ తేరుకుంది.

"అయ్యో, దానికేముంది టీచరమ్మా! పుస్తకంలో గుర్తు పడకపోతే మీరేం చేస్తారు? కొలతల పుస్తకం తప్పయితే జాకెట్టు తప్పవుతుంది. నా తప్పా అది?"

"అంతేగా మరి!" అన్నారు అత్తగారు, ప్రాణం లేచొచ్చినట్టు. "గుడ్డి జిరాక్సు. దాని పాపం దీని నెత్తికెందుకు?"

నలుగురూ తలలూపారు. మందుల షాపాయన కూడా. గదిలో గాలి తేలికయింది. ఇంకో క్షణం ఊరుకుంటే చాలు. ఎవరో ఒకరు నవ్వుతారు, పాఠం మొదలవుతుంది, అంతా పుస్తకం మీదకి పోతుంది. తను కూడా ఒకసారి తలూపితే సరిపోతుంది.

వంటింటి గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసుతో. ఆమె తల్లిని చూడటం లేదు. గ్లాసులోకి చూస్తోంది.

"కాదండీ," అంది టీచరమ్మ.

పియానో అంచు పట్టుకుంది.

"పుస్తకం తప్పే. కానీ ఒక పిల్ల ఆ మెట్టు సరిగ్గా నొక్కింది. ఎవరూ చెప్పకుండా. నేను స్కేలుతో కొట్టాను. చెవి లేదని నలుగురిలో అన్నాను. ఆ రోజే తలుపేసుకుని నేనూ వాయించి చూశాను. నాకు వినపడింది. ఆ పిల్లదే రైటని నాకు ఆ రోజే తెలుసు. తెలిసి ఊరుకున్నాను. మీ అందరి ముందూ తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని."

"ఎవరి పిల్లే?" అన్నారు అత్తగారు. అడిగాక, కోడలి చూపు ఎటు పోతోందో చూశారు. వంటింటి గుమ్మం వైపు తిరిగారు. ఆవిడ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. పదమూడేళ్ళ వేళాకోళమంతా ఆ ముసలి మొహంలోకి ఒక్కసారిగా వచ్చి కూర్చుంది.

భర్త పేపరు మడిచాడు. మడతమీద మడత పెడుతూనే ఉన్నాడు.

మందుల షాపాయన కూతురి భుజం మీద చెయ్యేశాడు. "మేం... ఆలోచించుకుని చెప్తామండీ," అన్నాడు మర్యాదగానే. ఆ పిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని వెనక్కి చూస్తూ వెళ్ళింది. వాళ్ళ వెనక ఇంకొకరు. టైలరమ్మ వెళ్ళలేదు, అలాగని కూర్చోనూ లేదు.

చిట్టి టీ గ్లాసు గడప పక్కన పెట్టింది. జనం మధ్యలోంచి దారి చేసుకుని, తల్లిని దాటి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

"చిట్టీ!" అన్నారు అత్తగారు, లేవబోయి లేవలేక.

టీచరమ్మ పిల్లల్ని అలాగే వదిలేసి, ఒట్టికాళ్ళతో గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకుంది.

చిట్టి వీధిలో నాలుగడుగులు వేసి ఆగింది. తిరిగింది. కళ్ళు ఎర్రగా లేవు. మొహంలో ఏముందో తల్లికి అంతుపట్టలేదు.

"నిన్న షాపులో ఎందుకు అబద్ధం చెప్పావు?"

"సిగ్గేసింది."

"ఇవాళ వెయ్యలేదా?"

"ఇవాళ ఇంకా ఎక్కువేసింది."

చిట్టి చాలాసేపు ఆమె వైపే చూసింది. ఆమె ఒట్టికాళ్ళ వైపు చూసింది. వెనక, గేటు లోపల కిటికీకి అంటుకుపోయిన నానమ్మ మొహం వైపు చూసింది.

"నాకిప్పుడు నీతో మాట్లాడాలని లేదమ్మా," అంది.

"సరే."

"సాయంత్రం కూడా ఉండదేమో."

"సరేనే."

చిట్టి వెళ్ళబోయి, మళ్ళీ ఆగింది. ఈసారి తిరగలేదు. వీపు అటుంచే అడిగింది.

"రేపు మీ క్లాసు ఎన్నింటికి?"

టీచరమ్మకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. చిట్టి అక్కడికి వచ్చి లెక్చరర్‌తో ఏం చెబుతుందో, ఏం అడుగుతుందో, అసలు దేనికొస్తుందో. నిన్న లెక్చరర్‌తో తను 'తెలిసినవాళ్ళ పిల్లే' అన్న మాట గుండెల్లో రాయిలా పడింది.

"పదింటికి," అంది. "మూడో అంతస్తు."

చిట్టి ఔననలేదు, కాదనలేదు. బస్‌స్టాపు వైపు నడిచి వెళ్ళిపోయింది.